ఫైలు తెరవని వారం

లండన్ శివారు క్రోయిడన్‌లో ఆయన ఎదురైతే బాగున్నావా అని అడిగేవాడు కాదు. "నీది ఎప్పటిదాకా ఉండాది?" అని అడిగేవాడు. వీసా సంగతి. మనం నెల చెబితే తారీఖు అడిగేవాడు, తారీఖు చెబితే పాస్‌పోర్టు ఎప్పటిదాకా ఉందని అడిగేవాడు. రెండూ విన్నాక అప్పుడు మొహం విప్పారేది. "అయితే ఏం భయంలే, టీ తాగుదాం రా" అనేవాడు. ట్రామ్‌లో కనిపించినా, ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం దగ్గర కనిపించినా, కూరగాయల కొట్లో బెండకాయలు ఏరుతూ కనిపించినా అదే పలకరింపు. పెళ్ళయి వారం తిరక్కుండా లండన్‌లో దిగిన ఒక కొత్త పెళ్ళికూతుర్ని కూడా అలాగే అడిగాడు. ఆ పిల్ల బిత్తరపోయి మొగుడి వంక చూసింది.

ఆయన పోయాడని పోయిన ఆదివారం పొద్దున అనంతపురం నుంచి ఆయన భార్య, మేము వదిన అని పిలిచే ఆమె, ఫోన్ చేసింది. నేను వారానికి సరిపడా షర్టులు ఇస్త్రీ చేసుకుంటున్నాను. పోయి అప్పటికే పద్దెనిమిది రోజులైందట. ఆ కబురు కోసమే అయితే ఎవరిచేతనైనా చెప్పించేది. ఆమె నన్నొక ప్రశ్న అడగడానికి చేసింది. ఆ ప్రశ్నకు జవాబు ఐదేళ్ళుగా నా దగ్గర ఉంది, అడిగేదాకా చెప్పకుండా దాచుకోవడం నా పిరికితనం. దాని సంగతికి తర్వాత వస్తాను. ముందు మనిషి ఎలాంటివాడో చెప్పాలి.

ముందు అన్నా అని పిలిచేవాళ్ళం, వెనక ఫైలన్న అనుకునేవాళ్ళం. నీలం అట్ట లావుపాటి ఫైలొకటి ఎప్పుడూ ఆయన చంకలో ఉండేది. అందులో ఆయన కాగితాలు సగం, మా అందరివీ సగం. ఏ కాగితం తీసినా తిరిగి పెట్టేముందు కట్టను బల్లమీద నిలబెట్టి రెండుసార్లు కొట్టి అంచులు సమం చేసేవాడు. అంచులు సమం కాకపోతే మళ్ళీ కొట్టేవాడు. నల్ల ఇంకు పెన్ను తప్ప ఇంకో రంగు ముట్టుకునేవాడు కాదు. కౌంటర్ దగ్గరికి వెళ్ళబోయే ప్రతివాడికీ ఒకే మంత్రం చెప్పేవాడు: "ఒరిజినల్ చూపియ్యి, జిరాక్స్ ఇయ్యి. ఒరిజినల్ మాత్రం చేతిలోంచి పోనియ్యొద్దు."

ఆయన ఫ్లాట్ నుంచి ఇమిగ్రేషన్ ఆఫీసు పది నిమిషాల నడక. ఎవరికి పని పడినా, తన ఆఫీసుకు పోయేముందు ఫ్లాస్కులో టీ పోసుకుని వచ్చి వాళ్ళతో పాటు క్యూలో నిలబడేవాడు. నా ఫొటోలు ఒకసారి తిరిగొచ్చాయి, నవ్వుతున్నానని. ఆయనే నన్ను స్టేషన్లోని ఫొటో డబ్బా దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, తెర బయట నుంచి "మీ మేనేజర్ను తలుచుకోప్పా" అన్నాడు. ఈసారి ఫొటో దివ్యంగా వచ్చింది. మిగిలిన రెండు ఫొటోలు కత్తిరించి, వెనక నా పేరు రాసి, ఒక కవర్లో వేసుకున్నాడు. ఆ కవర్లో క్రోయిడన్ తెలుగువాళ్ళంతా నవ్వు లేకుండా ఉండేవాళ్ళు.

ఇదంతా ఎందుకు చేసేవాడో చాలాకాలం నాకు తెలియలేదు. ఊరికే పెద్దరికం అనుకున్నాను. ఒకరోజు ఫైలు చివరి కాగితం చూశాను. అందులో వీసా గొడవ లేదు. నల్ల ఇంకుతో, ఒక్కో మాట పక్కన తారీఖు వేసి, ఒక జాబితా ఉంది. అమ్మ. మిల్క్. నో. బస్. డాడీ. రెడ్. అది వాళ్ళ పాప పలికిన మాటల జాబితా.

పాపకు పుట్టుకతోనే సరిగా వినపడదు. రెండు చెవులకూ మిషన్లుండేవి. క్రోయిడన్‌లో ఒక బడిలో అలాంటి పిల్లలకు విడిగా ఒక తరగతి ఉంది. అక్కడి టీచరు పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని, గొంతు మీద చెయ్యి పెట్టించి, ఒక్కో మాటా పలికించేది. చేరేనాటికి ఆ పిల్ల నోట ఒక్క మాట లేదు. ఆరేళ్ళు వచ్చేసరికి ఆ జాబితా కాగితం రెండో వైపుకు తిరిగింది. ఆ బడిలో పాపను ఉంచాలంటే ఈ దేశంలో ఉండాలి. ఈ దేశంలో ఉండాలంటే వర్క్ పర్మిట్ మీద నాలుగేళ్ళు పూర్తి చేసి, శాశ్వతంగా ఉండే హక్కు తెచ్చుకోవాలి. ఆయనకు మూడేళ్ళ ఏడు నెలలు అయ్యాయి. అందరినీ ఎప్పటిదాకా అని అడిగే మనిషి తన లోపల తను రోజూ అడుక్కునేది కూడా ఆ మాటే.

అది రెండువేల మూడు. ఆయన పనిచేసే ఇన్సూరెన్స్ ఆఫీసు వాళ్ళు ఆ పనంతా బెంగుళూరుకు పంపిస్తున్నామని జులైలో నోటీసిచ్చారు. అనంతపురం నుంచి బెంగుళూరు నాలుగు గంటల దూరం. "చూడప్పా, నా పని నాకన్న ముందు ఇంటికి పోతాండాది" అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను తల తిప్పుకున్నాను. ఇంకో కంపెనీ పర్మిట్ తీసుకోకపోతే సామాన్లు కట్టుకోవాల్సిందే. నేను అప్పటికి బ్రాక్‌నెల్ అనే ఊరికి మారి అక్కడి కంపెనీలో చేస్తున్నాను. మా దగ్గర ఆయన పనికి సరిపోయే ఖాళీ ఒకటుంది. మేనేజరుకు చెప్పాను, కాగితాలు పంపాను. ఇంటర్వ్యూ ఆగస్టులో ఒక శుక్రవారం పొద్దున పదింటికని ఖాయమైంది. ఉన్నది ఆ ఒక్క ఖాళీ, పిలిచింది ఇద్దరిని.

దానికి ముందు వారం మేము కోస్ వెళ్ళాలి. గ్రీకు దీవి. ఎండకు ముఖం వాచిన ఇంగ్లీషువాళ్ళు వేసవి రాగానే విమానాల నిండా వెళ్ళి వాలే దీవుల్లో అదొకటి. మా రెండు కుటుంబాలకీ చలికాలంలోనే బుక్ చేసుకున్నాం, నోటీసు సంగతి అప్పుడెవరికి తెలుసు. గురువారం సాయంత్రానికి తిరిగి వచ్చేస్తాం, శుక్రవారం ఇంటర్వ్యూ. మానేద్దాం అన్నాడాయన. వదిన ఒప్పుకోలేదు.

ఆమె ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది. నోటీసు వచ్చిన దగ్గర్నుంచి ఆయన ఫైలు ముందు నుంచి లేవడం లేదు. అన్నం పళ్ళెం పక్కన ఫైలు, మంచం పక్కన ఫైలు. ప్రయాణానికి రెండు రోజుల ముందు మేము వాళ్ళింటికి వెళ్ళాం. వంటింటి బల్ల దగ్గర ఆయన కాగితాలు తిరగేస్తున్నాడు. పాప పక్కన నిలబడి "డాడీ" అంది. ఆయన తలెత్తలేదు. ఇంకోసారి అంది. మూడోసారి చొక్కా పట్టుకుని అంది. అప్పుడు వదిన పొయ్యి ఆపేసి వచ్చింది.

"చెవులు లేంది దానికా, నీకా?" అంది. "అది ఆ ఒక్క మాట పలకాలని ఏడాది మొత్తుకుంటిమే. పలికితే వినేదానికి నువ్వు లేవు."

ఆయన ఫైలు మూశాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని లాగి పాప నెత్తి మీద పెట్టించింది. "ఈ వారం దినాలు ఒక్క కాగితం చూడనని దీని మీద ఒట్టు పెట్టు."

"శుక్రవారం ఇంటర్వ్యూ ఉండాది గదే."

"వచ్చినాక చదువుకో. ఒట్టు పెట్టు."

పెట్టాడు. ఫైలును ఆమె అలమారలో బియ్యం సంచీ వెనక్కి తోసింది. పాస్‌పోర్టులు మూడూ తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్పు లాగింది. మా ఆవిడ, నేను, ఆ పక్కనే నిలబడి చూశాం. పాప మాత్రం ఏదో ఆట అనుకుని, నాన్న చెయ్యి తీసేస్తే మళ్ళీ లాగి నెత్తి మీద పెట్టుకుంది.

కోస్‌లో మొదటి నాలుగు రోజులు ఆ మనిషిని చూసి నేను ముచ్చటపడ్డాను. నిక్కరు వేసుకున్నాడు, కానీ సాక్సు మాత్రం మానలేదు. అద్దె సైకిలు ముందు పాపను కూర్చోబెట్టుకుని సముద్రం పక్క రోడ్డంతా తొక్కాడు. వదిన పంజాబీ డ్రెస్సు మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని నీళ్ళలో నిలబడి, అల వచ్చినప్పుడల్లా పక్కనున్న మా ఆవిడ భుజం గిల్లేది. పెట్టెలో తెచ్చుకున్న రైస్ కుక్కర్లో అన్నం వండుకుని, గోంగూర పచ్చడి కలుపుకుని, బాల్కనీలో తినేవాళ్ళం. పొద్దున పాత రాళ్ళగుట్టలు, గుళ్ళు, కోటలు చూడటం, మధ్యాహ్నం ఇసుకలో పడి దొర్లడం.

ఆ ఒట్టును పట్టుకుని ఆయన్ను ఆట పట్టించింది నేనే. హోటల్లో మెనూ ఇస్తే, "అన్నా, అదీ కాగితమే" అన్నాను. ఆయన వెంటనే మెనూ బోర్లా పెట్టి, "అయితే నువ్వే చదువప్పా" అన్నాడు. ఆ రోజు నుంచి మెనూలు, గుడి ముందు బోర్డులు, బస్సు టైములు, అన్నీ నేనో మా ఆవిడో పైకి చదవడం, ఆయన కళ్ళు మూసుకుని వినడం. ఒక సాయంత్రం బార్లుండే సందులోకి వెళ్ళాం. ఆరింటికే పాటలు చెవులు బద్దలు కొడుతున్నాయి. పాప తన మిషన్లు తీసేసి అమ్మ చేతిలో పెట్టి, నేల అదురుతుంటే అరికాళ్ళతో తాళం వేస్తోంది. ఎర్రటి ఎండకు కమిలిన కుర్రకారు గుంపులు గుంపులుగా తిరుగుతున్నారు. ఒకమ్మాయి ఫ్రీగా ఒక గ్లాసు పోస్తామని ఆయన చేతిలో కూపన్ పెట్టింది. అలవాటుగా అంచులు సమం చేసి మడిచి జేబులో పెట్టుకోబోయాడు. వదిన చెయ్యి చాచింది. ఆయన నవ్వి ఇచ్చేశాడు. మూడు వారాల తర్వాత ఆయన పళ్ళు కనపడేలా నవ్వింది అప్పుడే.

కోస్ ఒడ్డున నిలబడితే ఎదురుగా కొండలు కనిపిస్తాయి. అది టర్కీ. పొద్దున పడవెక్కితే ఓ గంటలో అక్కడుంటారు, సాయంత్రానికి తిరిగొస్తారు. హార్బర్ దగ్గర వరసగా ఆ టిక్కెట్లమ్మే గూళ్ళున్నాయి. ఇంగ్లీషువాళ్ళకు అది పక్కూరి సంతకు పోయిరావడం లాంటిది. నాకు ఆశ పుట్టింది. ఆడవాళ్ళు రామన్నారు, పాపకు పడవంటే కడుపులో తిప్పుతుందని. "మనిద్దరం పోయొద్దాం రా అన్నా, రెండు దేశాలు చూశామని చెప్పుకోవచ్చు" అన్నాను. ఆయన కొంచెం సేపు ఆ కొండల వంక చూసి, "సరేలేప్పా" అన్నాడు.

మంగళవారం సాయంత్రం టిక్కెట్లు కొన్నాం. పాస్‌పోర్టులు ముందురోజే ఇవ్వాలన్నాడు గూట్లోవాడు. వదిన హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి ఆయన పాస్‌పోర్టు ఆయనకు ఇవ్వలేదు, నాకిచ్చింది. ఆయన నాటకంగా అటు తిరిగి, రెండు చేతులతో కళ్ళు మూసుకుని, "నేను చూడను, నాకు ఒట్టుండాది" అన్నాడు. పాప కూడా నాన్నను చూసి కళ్ళు మూసుకుంది. మేమంతా నవ్వాం. నవ్వుతూనే రెండు పాస్‌పోర్టులూ గూట్లోకి తోశాను.

ఇప్పుడు తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. ఇండియా పాస్‌పోర్టున్న మాలాంటివాళ్ళకు గ్రీసు, జర్మనీ లాంటి ఐరోపా దేశాలన్నిటికీ కలిపి విడిగా ఒక వీసా కావాలి. ఆ వీసా స్టిక్కరు మీద ఎన్నిసార్లు లోపలికి రావచ్చో రాసి ఉంటుంది. నన్ను మా కంపెనీ నెలకోసారి జర్మనీ పంపేది కాబట్టి నాది ఎన్నిసార్లయినా రావచ్చు. సెలవు కోసం తీసుకున్న ఆయన వీసా మీద ఒకటి అని ఉంది; నోటీసు గొడవలో అది చేతికొచ్చినప్పుడు ఆయన కూడా ఆ అంకె చూసుకుని ఉండడు. ఒకసారి దీవిలో దిగడంతో ఆ ఒకటి అయిపోయింది. దాటి బయటికి పోతే తిరిగి రావడానికి లేదు. ఆ అంకెను చూడటానికి అర సెకను చాలు. పాస్‌పోర్టు నా చేతిలో ఉంది. ఆయన నాది చూడకుండా ఉంటాడా ఎప్పుడైనా? నా వీసా ఫారం కూడా ఆయనే నింపాడు కదా, ఇద్దరిదీ ఒకటే అయి ఉంటుందిలే అనుకున్నాను. అసలు అనుకోను కూడా లేదు.

బుధవారం ఆయన చాలా సంతోషంగా ఉన్నాడు. అటువైపు దిగేటప్పుడు మా ఇంగ్లండు వీసాలు చూసి అక్కడే స్టిక్కర్లు అంటించి పంపారు. బజార్లో తిరిగాం. చిన్న గాజు గ్లాసుల్లో టీ తాగి, బాగుంది గానీ పాలు లేవు పాపం అన్నాడు. వదిన కోసం అంచుకు పూసలు కుట్టిన తలగుడ్డ ఒకటి కొన్నాడు. తిరిగొచ్చే పడవలో రెయిలింగ్ పట్టుకుని నిలబడి, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో నన్ను అడగమన్నాడు. నేనడిగితే జవాబులు చెప్పాడు. చక్కగా చెప్పాడు. ఆ ఉద్యోగం ఆయనకే వస్తుందని అప్పుడు నాకు గట్టిగా అనిపించింది.

కోస్ రేవులో పాస్‌పోర్టుల గదిలో నేను ముందున్నాను. ముద్ర వేశారు, దాటాను. వెనక్కి చూస్తే ఆయన పాస్‌పోర్టు పేజీ మీద ఆఫీసరు వేలు ఆగి ఉంది. "వన్" అన్నాడు. "వన్ ఎంట్రీ. ఫినిష్డ్."

ఆయన వంగి ఆ పేజీ చూశాడు. ఒట్టు పెట్టాక చూసిన మొదటి కాగితం అది. ఒక్క చూపు చాలింది ఆయనకు. నాకే అర్థం కావడానికి టైం పట్టింది. నేను గొడవ పెట్టుకున్నాను. వాళ్ళావిడ ఇక్కడుంది, పిల్ల ఇక్కడుంది, రేపు విమానం ఉంది అని అరిచాను. ఆఫీసరు చెడ్డవాడేం కాదు, విన్నాడు, తల అడ్డంగా ఊపాడు. అన్న గీతకు అవతలి నుంచి నన్ను పిలిచాడు.

"ఆయన తప్పేం లేదప్పా. కాగితం కరెక్టుగానే ఉండాది. అరవద్దు."

"నేను చూడాల్సింది అన్నా."

"ఊరుకో. ఇది వదినకిచ్చెయ్యి." తలగుడ్డ పొట్లం నా చేతిలో పెట్టాడు. "నేనే ఫోన్ చేసి చెప్తా. నువ్వేమీ చెప్పొద్దు. ఏమడిగినా అన్ననే అడుగు అను." వెళ్ళబోయి, మళ్ళీ తిరిగి, "శుక్రవారం వాళ్ళను ఒక్కరోజు ఆగమని అడుగుతావా?" అన్నాడు. అడుగుతానన్నాను. పాస్‌పోర్టును బల్ల మీద నిలబెట్టి రెండుసార్లు కొట్టాడు. ఒకే పుస్తకానికి అంచులేం సమం చేస్తాడు. చేతులకు ఇంకేం చేయాలో తెలియలేదు.

వదిన, పాప, మా ఆవిడ హార్బర్ గోడ దగ్గర మా కోసం నిలబడి ఉన్నారు. నేనొక్కణ్ణే బయటికి వచ్చేసరికి పడవ వెనక్కి తిరిగి బయలుదేరుతోంది. వెనక డెక్ మీద నిక్కరు, సాక్సులతో ఆయన కనిపించాడు. పాప ముందు చూసింది. వేలు చాచింది. "డాడీ" అంది. తర్వాత, ఎప్పుడూ అనని మాట, "బోట్" అంది.

వదిన మొహం వెలిగిపోయింది. "అన్నది, విన్నావా, బోట్ అన్నది" అని మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాతే నా మొహం చూసింది, పడవ వంక చూసింది.

రాత్రి భోజనాల వేళకు హోటల్ రిసెప్షన్‌కు ఫోనొచ్చింది. వదిన పక్కనే నేను నిలబడ్డాను. ఆయన మాటలు నాకు వినపడలేదు, ఈమెవి వినపడ్డాయి. "చూసినావా? ఎప్పుడు చూసినావు? పొద్దున క్యూలోనా? ... చూసి కూడా తప్పు చదివినావా?" రిసీవరు రెండో చెవికి మార్చుకుంది. "దాని నెత్తి మీద చెయ్యి పెట్టి, ఒట్టు తప్పినావా?" ఫోను పెట్టేసి, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

ఆయన చూడలేదని నాకు తెలుసు. పొద్దున క్యూలో కూడా పాస్‌పోర్టు నన్ను పట్టుకోమన్నాడు, ఆట ఇంకా అవ్వలేదని. ఎందుకు అబద్ధం చెప్పాడో కూడా నాకు ఆ నిమిషమే తెలిసింది. చూడలేదని చెబితే తప్పు ఒట్టు పెట్టించినామెదవుతుంది, లేకపోతే పాస్‌పోర్టు ఇచ్చిన నాదవుతుంది. ఇద్దరికీ లేకుండా తన మీద వేసుకున్నాడు. నేను నోరు తెరిచి అసలు సంగతి చెప్పాలి. చెప్పలేదు. నోరు పెగల్లేదని రాసుకోవచ్చు, కానీ పెగలనివ్వలేదు. ఆ అబద్ధంలో నాకూ చోటుంది, అందులో దూరిపోయాను.

గురువారం వదినను, పాపను వెంటబెట్టుకుని మేము విమానమెక్కాం. గాట్విక్ విమానాశ్రయంలో ఆఫీసరు వదిన పాస్‌పోర్టు చూసి, మీ భర్త ఎక్కడ అని అడిగాడు. ఆయన మీద ఆధారపడి వచ్చిన వీసా ఆమెది.  పాప తలెత్తి "డాడీ బోట్" అని జవాబు చెప్పింది. వదిలిపెట్టారు. ఆగస్టు సెలవుల్లో విమానాలన్నీ నిండిపోయి, అటు నుంచి ఆయనకు శనివారానికి గానీ సీటు దొరకలేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికే నేను మేనేజరు గది ముందు నిలబడ్డాను. ఆయన ఓపిగ్గా విన్నాడు, చాలా విచారం అన్నాడు. పదింటికి రెండో అభ్యర్థి వచ్చాడు. మధ్యాహ్నానికి ఉద్యోగం అతనిదయింది. ఆ శనివారం సాయంత్రం క్రోయిడన్ స్టేషన్లో అన్నకు ఎదురెళ్ళి ఆ మాట చెప్పాను. ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. తర్వాత "పాప బోట్ అన్నదంట గదా" అన్నాడు. "ఏం తారీఖప్పా అది, రాసుకోవల్ల." అప్పుడు నేను ఏడ్చాను, ఆయన ఏడవలేదు.

అక్టోబర్లో వెళ్ళిపోయారు. ఇంకా ఎన్ని కంపెనీలకు కాగితాలు పంపాడో, ఎన్ని గుమ్మాలెక్కాడో నేను చెప్పను, నాకు ఊపిరాడదు. వెళ్ళేముందు రోజు నన్ను పిలిచి ఒక కవరు ఇచ్చాడు. అందులో నా ఫొటోలు రెండు, నా శాశ్వత వీసా ఫారం. ఫారమంతా పెన్సిల్‌తో నింపి ఉంది. "నీకు వచ్చే మార్చికి నాలుగేండ్లు నిండుతాయి. పైన నల్ల ఇంకుతో దిద్దుకో. ఫారం మారితే ఇది చూసి దించుకో" అన్నాడు. మార్చిలో ఆ పెన్సిల్ గీతల మీద నేను ఇంకు దిద్దుకున్నాను. వచ్చింది. ఆయనకు ఫోన్ చేసి చెబితే, "అయితే ఇంక ఏం భయంలే" అన్నాడు. పాప ఎలా ఉందని అడిగితే, "చదువుకుంటాండాది" అన్నాడు. తర్వాత ఏటా ఉగాదికి మాట్లాడినప్పుడల్లా అదే జవాబు, అంతకు మించి చెప్పలేదు. నేనూ అడగలేదు.

పోయిన ఆదివారం వదిన గొంతు మామూలుగానే ఉంది. గుండెపోటు, రెండు రోజులు ఆసుపత్రి. "డాక్టరు వస్తే ఎప్పటిదాకా అని అడిగినాడప్పా. ఆయప్పకు అర్థం కాలే" అంది. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి నేను గోడకానుకున్నాను.

"నిన్నొకటి అడగల్ల" అంది. "ఆ పొద్దు క్యూలో ఆయన పాస్‌పోర్టు చూసినది నీకు తెలిసేనా, తెలియకుండానా?"

"ఇప్పుడెందుకు వదినా అది?"

"పాపకు పదకొండేండ్లు. ఇక్కడికి వచ్చినాక మాటలు ఒకటొకటే పోయినాయి. ఇప్పుడు చేతులతో చెప్తాది, నోరు తెరవదు. నెత్తిన చెయ్యి పెట్టించింది నేను, తప్పింది ఆయన, తగిలింది దానికి. పరిహారం చేపిస్తామంటే, ఒట్టు ఎట్ల తప్పినాడో సరిగా చెప్పమంటాండాడు పంతులు."

ఐదేళ్ళు దాచింది అప్పుడు చెప్పాను. "ఆయన చూడలేదు వదినా. క్యూలో కూడా నన్నే పట్టుకోమన్నాడు. చూడాల్సింది నేను, చూడలేదు. ఫోన్లో మీకు అబద్ధం చెప్పాడు, నేను పక్కనే నిలబడి విన్నాను."



"అయితే ఒట్టు తప్పలేదా?"

"తప్పలేదు వదినా."

"నా బిడ్డకు మాట పోయింది దానికి కాదా?"

"కాదు. బడి పోయింది, అందుకు."

"బడి పోయింది ఆయన ఒట్టు తప్పనందుకు" అంది, తనలో తను అనుకున్నట్టు. నేను కాదనలేకపోయాను. తప్పు నాది వదినా అన్నాను. ఆమె విన్నట్టు లేదు.

"ఐదేండ్లప్పా. అన్నం తింటా ఉంటే ఆ మాటే అన్నా, జరమొచ్చి పండుకోనుంటే అన్నా. బిడ్డ మాట మింగినావని అన్నా. తల వంచుకొని వినేవాడు. ఆసుపత్రిలో కూడా అన్నా." గొంతు అప్పుడు పగిలింది. "ఇప్పుడు నేను ఎవరికి చెప్పుకోవల్ల?"